లియోన్ ఫ్లైషర్: చేయి ఆగినా పాఠం ఆగలేదు

పిల్లలకు పియానో నేర్పేవాళ్లు, నేర్పించే తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన జీవితం అమెరికా పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌ది. పియానో పాఠాలు చెప్పే మనిషిగా ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఫ్లైషర్ 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, తూర్పు యూరప్ నుంచి వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో మొదట పియానో పాఠాలు పెట్టించింది ఆయన అన్నకు. మాస్టారు అలా వెళ్లగానే చిన్నవాడు పియానో ముందు చేరి, అన్నకు చెప్పిందంతా వాయించేసేవాడు. దాంతో పాఠాలు చిన్నవాడికి మారాయి. తొమ్మిదో ఏట ఆర్తర్ ష్నాబెల్ దగ్గర చేర్చారు. ఆ మహావిద్వాంసుడు పసిపిల్లల్ని శిష్యులుగా తీసుకునేవారు కాదు. ఈ పిల్లాడి వాయిద్యం విని ఒప్పుకున్నారు కానీ, కచేరీలు చేయకూడదని షరతు పెట్టారు. ష్నాబెల్ గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీకి పాఠం చెప్పింది సాక్షాత్తూ బీథోవెన్. మనం త్యాగరాజ శిష్యపరంపరను చెప్పుకున్నట్టే అక్కడివాళ్లూ ఈ వరుసను గౌరవంగా చెప్పుకుంటారు.

పదహారేళ్లకే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించారు. 1952లో బ్రసెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచిన తొలి అమెరికన్ ఆయనే. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌ల్యాండ్ ఆర్కెస్ట్రాతో చేసిన బీథోవెన్, బ్రామ్స్ కాన్‌చెర్టోల (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాయిద్యం ప్రధానంగా వాయించే రచనల) రికార్డులను ఇప్పటికీ ప్రామాణికంగా చూస్తారు.

36 ఏళ్ల వయసులో కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలైంది. లోపం సాధనలో ఉందనుకుని ఆయన ఇంకా ఎక్కువ వాయించారు. పరిస్థితి మరింత దిగజారింది. ఎందరు డాక్టర్లను కలిసినా కారణం తేలలేదు. అది ఫోకల్ డిస్టోనియా అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇందులో చేతికి దెబ్బేమీ తగలదు. ఒకే రకం సూక్ష్మమైన కదలికలు అదేపనిగా చేయగా చేయగా, వేళ్లకు మెదడు పంపే ఆదేశాలు ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయి.

తీవ్రమైన నిస్పృహలోంచి ఆయన్ని బయటికి తెచ్చినవి మూడు: ఎడమచేతి సంగీతం, ఆర్కెస్ట్రా నిర్వహణ, పాఠాలు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి కోల్పోయిన ఆస్ట్రియా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం స్వరకర్త రావెల్ ఎడమచేతికి ఒక కాన్‌చెర్టో రాశారు. ఫ్లైషర్ దాన్ని ఎన్నోసార్లు వాయించారు. అందులో చేయి కింది స్థాయిలో మంద్రస్వరం కొట్టి, రెప్పపాటులో పైకి దూకుతుంది. ఆ మంద్రం ఆగిపోకుండా కాలి కింది పెడల్ పట్టి ఉంచుతుంది. బొటనవేలు పాటను పలికిస్తుంటే తక్కిన నాలుగు వేళ్లూ కింది స్వరాలు చూసుకుంటాయి. కళ్లు మూసుకుని వింటే రెండు చేతులు వాయిస్తున్నాయనే అనుకుంటాం.

ఆయన పాఠం చెప్పే తీరు కూడా ఈ కష్టంతోనే మారింది. బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో 1959 నుంచే బోధిస్తున్నారు. శిష్యుణ్ని పక్కకు జరగమని, తానే కూర్చుని ‘ఇదిగో, ఇలా’ అని వాయించి చూపడం ఇదివరకటి అలవాటు. ఇప్పుడు ఆ వీలు లేదు. తన మనసులో వినపడే నాదాన్ని మాటల్లో పెట్టాల్సి వచ్చింది. అందుకోసం శిష్యుణ్ని ఇంకా శ్రద్ధగా వినాల్సి వచ్చింది. వాయించి చూపిస్తే శిష్యుడు అనుకరిస్తాడు. మాటతో చెబితే తానే వెతుక్కుంటాడు. ఆండ్రే వాట్స్, యెఫిమ్ బ్రాన్‌ఫ్‌మన్, జొనాథన్ బిస్ వంటి వేర్వేరు బాణీల కళాకారులు ఆయన దగ్గర నేర్చుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

1990లలో బొటాక్స్ సూదులు, కండరాలను లోతుగా మర్దన చేసే చికిత్స కలిసి ఆ వేళ్లను కొంత సడలించాయి. 2004లో ‘టూ హ్యాండ్స్’ ఆల్బమ్ వచ్చింది. జబ్బు పూర్తిగా నయం కాలేదు, అయినా రెండు చేతులతో వాయించారు. 2020 ఆగస్టు 2న, 92వ ఏట కన్నుమూసేదాకా పాఠాలు మానలేదు.

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పరీక్ష దగ్గరపడిందని పిల్లల్ని నొప్పితో సాధన చేయించకండి. చేయి లాగుతోందని, వేలు మాట వినడం లేదని పిల్ల చెబితే ఆ పూటకు పియానో మూసేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఆ పూట పాఠానికి మంచి రికార్డు పెట్టి, పిల్ల పక్కన కూర్చుని మీరూ వినండి. వినడం కూడా సాధనే.