పెరటికి చేరే నీరు

మదురైని నాయకరాజులు పాలించిన 16, 17 శతాబ్దాలలో అనేక తెలుగు కుటుంబాలు తమిళదేశంలో స్థిరపడ్డాయి. కోయంబత్తూరు చుట్టూ ఉన్న నల్లరేగడి భూములలో పత్తి పండించిన రైతులలో తెలుగువారు ఎందరో ఉన్నారు. భూగోళ శాస్త్రంలో ఈ నేలను 'రేగర్' అంటారు. ఆ పేరు తెలుగు మాట 'రేగడి' నుండి వచ్చినదే.

ఈ రెండు ప్రాంతాలలోని పాత ఇండ్లకు చాలావరకు ముందు అరుగు, వెనుక పెరడు ఉండేవి. పెరట్లో బావి, దాని పక్కనే అంట్లు తోమే చోటు, స్నానాల గది. అక్కడి నీరు జలదారి గుండా అరటి పాదుకు చేరేది. అరటి తాగగా మిగిలిన తడి చేమకు, కందకు అందేది. కొంచెం ఎడంగా కరివేప, మునగ పెరిగేవి. బియ్యం కడిగిన నీరు కుడితితొట్టిలోకి, కుడితి తాగిన పశువు పేడ ఎరువుగుంటలోకి, ఆ ఎరువు మళ్ళీ పాదులలోకి వెళ్ళేది. చెట్లకోసం విడిగా నీళ్ళు తోడవలసిన పని చాలా తక్కువ. ఈ పద్ధతికి ఎవరూ పేరు పెట్టలేదు. అది ఇంటిపనిలో ఒక భాగం, అంతే.

నేడు చాలా ఇండ్లలో పెరడు సిమెంటు గచ్చుగా మారింది. వాడిన నీరు మురుగుకాలువ పాలు, వాననీరు వీధి పాలు అవుతున్నాయి. ఇంటివారు మాత్రం బోరుబావిని ఇంకా లోతుకు తవ్విస్తున్నారు. కోయంబత్తూరు పడమటి కనుమల చాటున ఉన్న ఊరు. నైరుతి ఋతుపవనాల వాన ఎక్కువభాగం కొండలకు ఆవలనే కురిసిపోతుంది. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లు. అందులో పెద్దభాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య పడుతుంది.

ఈ వాన తక్కువే అయినా లెక్క వేసి చూడవలసినదే. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదిలో 600 మిల్లీమీటర్లు కురిస్తే 60,000 లీటర్లు. నాలుగింట మూడు వంతులు దక్కినా 45,000 లీటర్లు, అంటే 15 లీటర్లు పట్టే బిందెలతో 3,000 బిందెలు! తమిళనాడులో 2003లో ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేశారు. కాని గొట్టం ఉన్నంత మాత్రాన చాలదు. గుంటలోని కంకర, ఇసుక మట్టితో పూడిపోతే నీరు ఇంకదు. ఏటా వానలకు ముందే వాటిని తీసి కడగాలి.

వాడిన నీటి విషయంలో పాత పద్ధతిని ఉన్నదున్నట్లు పాటించడం కుదరదు. పూర్వం గిన్నెలను బూడిదతో తోమేవారు, తలను శీకాయతో రుద్దుకొనేవారు. నేటి సబ్బుపొడులలో సోడియం లవణాలు ఎక్కువ. ఆ నీరు రోజూ ఒకే పాదులో పోస్తే నేల బిగుసుకుపోతుంది. రేగడిలో ఈ చెరుపు మరీ ఎక్కువ. కనుక సబ్బునురుగు నీటిని వదలి, జాడించిన నీటినే పాదులు మార్చి పోయాలి. అరటికి, మెట్టతామరకు ఇది పనికివస్తుంది. ఆకుకూరలకు పోయరాదు. నీటిని నిలువ ఉంచితే దోమలు చేరుతాయి.

కొత్త ఇండ్ల ముందు పచ్చిక పెంచడం ఇప్పుడొక వేడుక అయింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కాని వేసవిలో దాని దాహం తీర్చడం కష్టం. అదే చోట నందివర్ధనం, మందారం తక్కువ నీటితో పెరుగుతాయి. తమిళులు ఆవారం అని పిలిచే తంగేడు ఎండను లెక్కచేయదు. మదురై వారికి మల్లె ఉండనే ఉన్నది. 2013లో మదురై మల్లెకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మొక్కలకు పురుగు పడితే 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెడతారు. వడకట్టిన నీటిలో కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండ తగిలితే దాని గుణం తగ్గుతుంది. రాలిన ఆకులను తగలబెట్టక పాదులలో పరిస్తే తడి త్వరగా ఆరదు.

పెరడు లేనివారు మిద్దెమీద తొట్లు పెట్టుకోవచ్చు. పెద్ద తొట్టి నడుమ ఒక చిన్న మట్టికుండను మూతి మాత్రమే పైకి కనబడేలా పాతి, నీరు నింపి మూత పెడతారు. చుట్టూ మట్టి ఆరేకొద్దీ కుండ చెమర్చి వేళ్ళకు తడి అందిస్తుంది. ఆ కుండకు రంగు పూయరాదు. పూస్తే నీరు చెమర్చదు.