ఓఎస్ ఎక్కింది.. డ్రైవర్లే లేవు!

ఎల్లారెడ్డి, కామారెడ్డి: కంప్యూటరు మొరాయిస్తే 'ఫార్మాట్ కొట్టిస్తే సరి' అనే మాట పల్లె నుంచి పట్నం దాకా వినిపిస్తుంది. కొట్టించిన తర్వాతే అసలు అవస్థ మొదలవుతుంది. తెర వెలుగుతుంది, విండోస్ తెరుచుకుంటుంది. వైఫై గుర్తు మాత్రం కనిపించదు. స్పీకరు పలకదు. ప్రింటరు కదలదు. వేలిముద్ర యంత్రంలో వెలుగు రాదు. ఎల్లారెడ్డిలో ఆన్‌లైన్ సెంటరు నడుపుకొనే వారికి ఇది ఒక పూట సంపాదనతో పోయే నష్టం కాదు. సీపీయూను మోసుకొని సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కామారెడ్డికి వెళ్లి రావలసిందే. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం, డిగ్రీ ప్రవేశాల 'దోస్త్' దరఖాస్తు కోసం వచ్చిన విద్యార్థులకు గడువు ఆగదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, ఓఎస్ మార్పించుకొనే వారికి ఈ చిక్కు మరింతగా ఎదురవుతోంది. విండోస్ 11కు ఇంటెల్ యంత్రాల్లో సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసరు, టీపీఎం 2.0 అవసరం. ఆ అర్హత ఉన్నా, డ్రైవర్ల సంగతి చూడకుండా తుడిచేస్తే అవస్థ తప్పదు.

దుబాసీ లేని కొలువు

డ్రైవరు అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, యంత్రంలోని ఒక్కో భాగానికి మధ్య దుబాసీ వంటి చిన్న ప్రోగ్రాము. విండోస్ తన వెంట అనేక డ్రైవర్లను తెచ్చుకుంటుంది. అందులో లేని వాటిని విండోస్ అప్‌డేట్ ద్వారా తెప్పించుకుంటుంది. ఇందుకు ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే నెట్‌వర్క్ డ్రైవరు కావాలి. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకొన్న చందం! విండోస్ 11 అయితే మొదటి అమరికలోనే నెట్ కలపమని అడిగి, కలపకపోతే ముందుకు సాగనివ్వదు.

ఈ ముడి విప్పడానికి చేతిలోని సెల్‌ఫోనే చాలు. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగుల్లో 'యూఎస్‌బీ టెథరింగ్' నొక్కితే, సాధారణంగా వేరే డ్రైవరు లేకుండానే నెట్ వస్తుంది. తీగ చార్జింగుకే కాక డేటాకూ పనికివచ్చేదై ఉండాలి. చౌక తీగల్లో కొన్ని చార్జింగుకే పరిమితం. ఈ ఒక్క ఉపాయం తెలియక కామారెడ్డి బస్సెక్కే వారు లేకపోలేదు.

తుడిచే ముందే చేయవలసినది

పనిలో సగం ఫార్మాట్‌కు ముందే ఉంది. సీ డ్రైవులో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, దానిలోని ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. కొన్ని జీబీల పరిమాణం ఉంటుంది. కొత్త విండోస్ ఎక్కాక డివైస్ మేనేజరులో పసుపు గుర్తున్న పరికరంపై కుడి నొక్కు నొక్కి, 'అప్‌డేట్ డ్రైవర్' ఎంచుకొని ఆ ఫోల్డరును చూపితే సరిపోయినదాన్ని విండోసే వెతుక్కుంటుంది. అయితే 32 బిట్ విండోస్ నుంచి తీసిన డ్రైవర్లు 64 బిట్‌లో పనిచేయవు. విండోస్ 11 పూర్తిగా 64 బిట్టే. పాత యంత్రాల వారు ఇక్కడే పొరబడుతుంటారు.

కాపీ చేసుకోకుండానే తుడిచిన వారు తయారీదారు వెబ్‌సైటులో మోడల్ నంబరు ఇచ్చి డ్రైవర్లు తీసుకోవచ్చు. ల్యాప్‌టాప్ అడుగున ఆ నంబరు ఉంటుంది. కూర్చిన డెస్క్‌టాప్ అయితే మదర్‌బోర్డుపై ముద్రించిన పేరు చూడాలి. అదీ తేలకపోతే డివైస్ మేనేజరులో 'డీటెయిల్స్' కింద హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో 8086 అనే సంఖ్య ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్ తయారీ అని అర్థం.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో మరో వింత ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు కనిపించదు. హార్డ్‌డిస్కు పోయిందని భయపడి కొత్తది కొనే ముందు, అదే తెరపై 'లోడ్ డ్రైవర్' నొక్కి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవరును పెన్‌డ్రైవు నుంచి ఇవ్వాలి. దీనివల్ల వేల రూపాయలు మిగలవచ్చు.

క్రమం విషయానికి వస్తే మొదట చిప్‌సెట్, తర్వాత నెట్‌వర్క్, గ్రాఫిక్స్, ఆడియో. ప్రింటరు, వేలిముద్ర యంత్రం చివరన. చిన్న దుకాణాల్లో తరచుగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 వంటి పాత ప్రింటర్లకు తయారీదారు ఇచ్చే 64 బిట్ డ్రైవరును ప్రత్యేకంగా ఎక్కించాలి. కొన్ని ప్రింటర్లకు సాఫ్ట్‌వేర్ అడిగేదాకా తీగ కలపకూడదు. వేలిముద్ర యంత్రానికైతే డ్రైవరు ఒక్కటే చాలదు. ఆధార్ ధ్రువీకరణకు దాని తయారీదారు ఇచ్చే 'ఆర్‌డీ సర్వీస్' కూడా నడుస్తూ ఉండాలి. యంత్రం డివైస్ మేనేజరులో కనిపిస్తున్నా వేలిముద్ర తీసుకోకపోవడానికి తరచూ ఇదే కారణం.

'అన్ని డ్రైవర్లు ఒకే నొక్కుతో' అని ఊరించే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లకపోవడమే మేలు. వాటి వెంట అక్కరలేని ప్రకటనల సాఫ్ట్‌వేర్, కొన్నిసార్లు వైరస్ కూడా చేరుతుంది. బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రంలో అది మరీ ప్రమాదం.

డిస్కును ఫార్మాట్ చేయకుండా పాత విభజనలోనే విండోస్ ఎక్కించిన వారికి మాత్రం ఒక ఊరట ఉంది. పాత విండోస్ మొత్తం సీ డ్రైవులో 'విండోస్ ఓల్డ్' పేరుతో మిగిలి ఉంటుంది, పై డ్రైవర్‌స్టోరు ఫోల్డరు అందులోనూ దొరుకుతుంది. కొద్ది రోజుల తర్వాత విండోసే దానిని తొలగిస్తుంది కనుక, ఆలోగా పెన్‌డ్రైవులోకి తీసుకోవాలి.