వికటకవిని కాదన్న ప్రోగ్రాం

ఏఐ చాట్‌బాట్ రాసిచ్చిన ప్రోగ్రాంని ఎంతవరకు నమ్మొచ్చు? ల్యాబ్ రికార్డు నుంచి మేజర్ ప్రాజెక్టు దాకా అందరం వాడుతున్నదే కాబట్టి ఈ ప్రశ్న మనందరిదీ. ఎర్రర్ ఇచ్చే ప్రోగ్రాంతో పెద్ద భయం లేదు, తప్పు ఎక్కడుందో కంప్యూటరే చాలావరకు చూపిస్తుంది. ఎర్రర్ లేకుండా రన్ అయ్యి, తప్పు జవాబిచ్చే ప్రోగ్రాంతోనే అసలు తలనొప్పి.

మా తాండూరు బండల లెక్కే తీసుకుందాం. వికారాబాద్‌లో ఒకాయన ఇల్లు కట్టుకుంటున్నాడు అనుకోండి. గది పొడవు 9 అడుగుల 6 అంగుళాలు, వెడల్పూ అంతే. పరవాల్సినవి రెండడుగుల చదరపు బండలు. ఎన్ని కావాలో లెక్కగట్టే ప్రోగ్రాం రాయమని నేనొక చాట్‌బాట్‌ని అడిగాను. గది వైశాల్యం 90.25 చదరపు అడుగులు, బండది 4. భాగిస్తే సుమారు 22.56, అందుకని 23 బండలు అని చూపించింది. కోడ్ శుభ్రంగా ఉంది, కామెంట్లు కూడా పెట్టింది.

అదే లెక్క బండలు పరిచే మేస్త్రీ వేస్తే 25 వస్తాయి. వరుసలో 4 నిండు బండలు పడ్డాక ఒకటిన్నర అడుగు మిగులుతుంది. అక్కడ ఐదో బండను కోసి పెట్టాలి. కోయగా మిగిలిన అర అడుగు ముక్క ఆ గదిలో ఇంకెక్కడా సరిపోదు. ముక్కలు అతికించకుండా పరిస్తే వరుసకు 5 చొప్పున 5 వరుసలు, మొత్తం 25. పగిలేవి వేరే. రెండు తక్కువ పడితే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని తాండూరు నుంచి మళ్లీ తెప్పించుకోవాలి. కొత్తగా వచ్చిన బండ రంగు పాతవాటితో కలుస్తుందన్న భరోసా కూడా లేదు.

ఎందుకిలా జరుగుతుంది? చాట్‌బాట్ నేర్చుకున్నది ఎవరెవరో రాసిన బోలెడంత పాత కోడ్ నుంచి. మన మాటల తర్వాత ఏది రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేసుకుంటూ రాస్తుంది. గది, బండలు, ఎన్ని అంటే అందరూ వాడే సూత్రం వైశాల్యాన్ని భాగించడమే. కోసిన ముక్క మళ్లీ పనికిరాదని చెప్పి అడిగితే అదే చాట్‌బాట్ 25 అని సరిగ్గానే ఇచ్చింది. కానీ ఆ సంగతి చెప్పాలంటే ముందు మనకు తెలిసుండాలి కదా!

ఇంకో ఉదాహరణ మన భాషదే. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తుపట్టడానికి పైథాన్‌లో అందరూ రాసేది ఒకటే: స్ట్రింగ్‌ని తిరగేసి, అసలుతో పోల్చడం. ఇంగ్లీషు పదాలకు పక్కాగా పనిచేస్తుంది. దానికి 'వికటకవి' ఇచ్చి చూడండి, కాదు అంటుంది! యూనికోడ్‌లో 'వి' ఒక గుర్తు కాదు. 'వ' ఒకటి, గుడి ఒకటి. తిరగేస్తే గుడి వచ్చి 'వ' ముందు కూర్చుంటుంది. తెనాలి రామకృష్ణుడి బిరుదునే కాదన్న ఈ ప్రోగ్రాం ఒక్క ఎర్రర్ కూడా చూపించదు.

మరి చాట్‌బాట్‌లకు పరీక్షల్లో వచ్చే మార్కుల మాటేమిటి? 2021లో ఓపెన్‌ఏఐ 164 చిన్న ప్రోగ్రామింగ్ ప్రశ్నలతో హ్యూమన్‌ఎవాల్ అనే పరీక్ష తెచ్చింది. అప్పుడు వాళ్ల కోడెక్స్ మోడల్ మొదటి ప్రయత్నంలో 28.8 శాతం చేసింది. తర్వాత వచ్చిన మోడళ్లు 90 శాతం దాటాయి. మెచ్చుకోవాల్సిందే. అయితే 2023లో కొందరు పరిశోధకులు అవే ప్రశ్నలకు దాదాపు 80 రెట్లు ఎక్కువ టెస్టులు పెడితే, అంతకుముందు పాసైన ప్రోగ్రాముల్లో చాలా ఫెయిలయ్యాయి. కోడ్ మారలేదు, అడిగే ప్రశ్నలు పెరిగాయంతే.

అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. చాట్‌బాట్‌ని అడిగే ముందే రెండు మూడు ఉదాహరణలకు జవాబు కాగితం మీద చేత్తో వేసుకుంటాను. అందులో ఒకటైనా తిక్క ఉదాహరణ ఉండాలి: సరిగ్గా భాగం పోని గది, తెలుగు పదం, ఖాళీ ఇన్‌పుట్ లాంటివి. కోడ్ చేతికొచ్చాక ముందు ఆ జవాబులతో సరిచూస్తాను. ఏ లైను ఎందుకుందో చెప్పలేకపోతే సబ్మిట్ చేయను. రేపు వైవాలోనైనా, ఉద్యోగంలోనైనా ఆ లైనుకు జవాబు చెప్పాల్సింది మనమే.

మీరూ ఇవాళే మొదలుపెట్టొచ్చు. 'వికారాబాద్' అనే పదంలో ఎన్ని అక్షరాలో ముందు వేళ్ల మీద లెక్కపెట్టండి, ఐదొస్తాయి. తర్వాత పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌ని అడగండి, పది అంటుంది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో పక్కనున్న ఫ్రెండ్‌కి చెప్పగలిగితే, చాట్‌బాట్ రాసిన కోడ్‌ని దిద్దడం మీకు మొదలైనట్టే.