అడ్వాన్సు తిన్నవారు

"అడ్వాన్సు తిని పోయినాడు" అను మాట మన యిండ్లలో తరచు వినబడునదే. పనిమనిషి మానినను, తాపీమేస్త్రి రాకున్నను ఈ యొక్క మాటతో తీర్పు ముగియును. ఆ సొమ్మెంత, అది తీరుటకు ఎన్ని నెలలు పట్టును, తీరులోపల మానుకొనుటకు ఆ మనిషికి హక్కు కలదా అని ఎవరును అడుగరు. సోదరీమణులు కోపగింపకున్నచో ఈ మాట వెనుకనున్న కథ కొంత చెప్పెదను. ఇది మన భోగాపురపు తీరమునకు చెందిన కథయే. కాని దీనిని విశదముగా తెలిసికొనుటకు ముందుగా అమెరికా పోయి రావలెను.

ఆ దేశమున అలబామా రాష్ట్రములో అలోంజో బెయిలీ అను నల్లజాతి వ్యవసాయకూలీ యుండెను. 1907 డిసెంబరులో అతడు నెలకు 12 డాలర్ల జీతముపై ఏడాది పనికి ఒప్పుకొని, 15 డాలర్లు ముందుగా పుచ్చుకొనెను. నెలకు డాలరుంబావు చొప్పున జీతములో విరుగగొట్టుకొనునట్లు ఏర్పాటు. లెక్క చూడుడు. 12 నెలలకు సరిగా 15 డాలర్లు. అనగా ఏడాది కడపటి దినమువరకు అతడు ఋణస్థుడే. నెల దాటిన కొలదిదినములకే అతడు పని మానెను. అడ్వాన్సు తీసికొని, తిరిగి చెల్లింపక, తగిన కారణము లేక పని మానుటయే మోసపుటుద్దేశమునకు నిదర్శనమని ఆ రాష్ట్రపు చట్టము. నా మనస్సులో మోసము లేదని ముద్దాయి సాక్ష్యము చెప్పుకొందునన్నను అక్కడి న్యాయస్థానములు వినవు! 30 డాలర్ల జరిమానా, దానిపై ఖర్చులు; చెల్లింపలేకున్న 136 దినముల కఠినశ్రమ. నల్లవాడు సోమరి, మాట నిలుపుకొనడు అను నమ్మకము అక్కడి రాజకీయోపన్యాసములకు ఎంత పనికివచ్చెనో, చౌకగా కూలీలు కావలసిన భూస్వాములకును అంతే పనికివచ్చెను. కడకు 1911 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు, బానిసత్వమును నిషేధించిన రాజ్యాంగసవరణకు విరుద్ధమని ఆ చట్టమును కొట్టివేసెను.

మనదేశములో ఇట్టి చట్టము అంతకు చాలముందే పుట్టినది. 1859 లో ఇంగ్లీషు ప్రభుత్వమువారు చేసిన శాసనము ప్రకారము, అడ్వాన్సు పుచ్చుకొని పని ఎగవేసిన కూలీని మేజిస్ట్రేటు పనికి పొమ్మనవచ్చును, పోకున్న మూడు నెలలవరకు ఖైదు చేయవచ్చును. ఇతర ఋణములు ఎగవేసినవానిపై దావా, కూలిపై మాత్రము క్రిమినలు కేసు! 1925 లో గాని అది రద్దు కాలేదు. ఆ కాలముననే మన భీమునిపట్నమునుండి, కళింగపట్నమునుండి స్టీమర్లెక్కి వేలమంది రంగూను పోయిరి. ఓడచార్జీ మేస్త్రీ పెట్టును. ఆ ఋణము తీరువరకు అతడు చెప్పినచోటనే పని. అక్కడివారు తెలుగువారినందరిని కలిపి "కోరంగీలు" అనిరి. తక్కువ కూలికి వచ్చి తమ నోటికూడు తీయుచున్నారని బర్మీయులకు వీరిపై కోపము. మేస్త్రీపై ఎవరికిని కోపము లేదు. 1930 మే నెలలో రంగూను రేవున ఆ కోపము కొట్లాటగా పరిణమించి, పలువురు తెలుగు కూలీలు చంపబడిరి.

ఇక మన తీరమునకు వత్తము. విజయనగరం జిల్లాకు సముద్రమున్నది భోగాపురము, పూసపాటిరేగ మండలములలోనే. ఈ గ్రామములనుండియు, శ్రీకాకుళము తీరమునుండియు ఏటేట వేలమంది మత్స్యకారులు గుజరాతులోని వెరావల్ రేవునకు పోవుచున్నారు. ఇంటిముందర సముద్రముండగా దేశమునకు ఆవలియొడ్డున నున్న సముద్రమునకు పోవుటయేల? పెద్ద మరపడవలు నిలుపుకొనుటకు తగిన చేపలరేవు దగ్గర లేక విశాఖపట్నమువరకు పోవలెను. పరిశ్రమల మురికినీటివలన చేప తగ్గినదని వారి ఫిర్యాదు. అన్నిటికంటె, అక్కడ అడ్వాన్సు దొరకును. బోటు యజమాని పక్షమున తండేలు ఊరికి వచ్చి మనుషులను కుదుర్చును. ఆ సొమ్ము మగవాడు రైలెక్కులోపలనే ఇంటి పైకప్పునకో, పాత బాకీకో, పిల్లల చదువునకో చెల్లిపోవును. తక్కిన నెలలు అతడు సముద్రముపై పనిచేయునది ఖర్చయిపోయిన సొమ్ముకొరకు. ఇక్కడ ఇల్లాలు తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్మి సంసారము నెట్టుకొనవలెను.

2018 నవంబరులో వెరావల్ బోట్లలో పోయిన మనవారిని, తమ జలములలోనికి వచ్చిరని పాకిస్తాను నౌకలవారు పట్టుకొనిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు వారిలో ఉండిరి. కరాచీ జైలునుండి ఆంధ్రులలో ఇరువదిమంది 2020 జనవరి 6 న వాఘా సరిహద్దు దాటి వచ్చిరి. అంతవరకు వారి భార్యలు అధికారులను, నాయకులను వేడుకొనుచు తిరిగిరి. తరువాత రెండున్నర నెలలకే దేశమున లాక్‌డౌను వచ్చి, వేలమంది మనవారు వెరావల్ రేవున బోట్లలోనే చిక్కుపడిపోగా, ఏప్రిలు చివర బస్సులలో ఇండ్లకు తెచ్చిరి.

ఇంత జరిగినను మరల పోవుచున్నారేల యని పట్నములో అడుగుదురు. దానికి ఎన్నికల సభలలో దొరకు జవాబు ఒక్కటే: ఉత్తరాంధ్ర ప్రజలు అమాయకులు, ఆ ప్రాంతము వెనుకబడినది. పార్టీ యేదైనను ఈ మాట మారదు. అలబామాలో కూలివాడు మోసగాడు, మనకు అమాయకుడు. నిందకంటె జాలి మేలే కదా యని తోచవచ్చును గాని, నాకట్లు తోచదు. రైలెక్కు మనిషికి తన లెక్క బాగుగ తెలియును. తీరమున నిలిచిన ఎంత లోటో, పోయిన ఎంత మిగులో వేళ్లపై చెప్పగలడు. ఆ లెక్కలో మూడవదారి లేకపోవుట అతని తెలివితక్కువ కాదు.

"తానే ఒప్పుకొనెను గదా" యను వాదమునకు మన సుప్రీంకోర్టు 1982 లోనే జవాబు చెప్పినది. ఢిల్లీలో ఏషియన్ క్రీడలకు కట్టడములు కట్టిన కూలీల వ్యాజ్యమది. ఆకలిచేత, బీదతనముచేత మరియొకదారి లేక కనీసవేతనముకంటె తక్కువకు పనిచేయుటయు బలవంతపుచాకిరియే యనిరి న్యాయమూర్తులు. ఋణము చెల్లుటకై మనిషిని చాకిరికి కట్టివేయుట 1976 చట్టముచేతనే నేరమై యుండెను.

ఈ పెద్ద సంగతులనుండి మన వంటింటికి వచ్చిన, అక్కడను అదే లెక్క. పనిమనిషికి కూతురి పెండ్లికని 10,000 రూపాయలు ఇచ్చి, నెలకు 500 విరుగగొట్టుకొనినచో తీరుటకు 20 నెలలు. ఆ 20 నెలలు ఆమె జీతము పెంచుమని అడుగదు. జ్వరము వచ్చినను మానదు. పొరుగింటివారు ఎక్కువ యిత్తుమన్నను పోదు. మనమేమో "మా మంగమ్మ ఎంతో నమ్మకస్తురాలు" అని చెప్పుకొందుము! అప్పు ఇయ్యవద్దని నా యభిప్రాయము కాదు. అవసరమునకు ఆమెకు బ్యాంకి ఇచ్చునా? అప్పుపద్దును జీతపుపద్దును వేరుగా వ్రాసి, పని మానినను అప్పు మెల్లగా తీర్చుకొనవచ్చునని మొదటిదినముననే చెప్పవచ్చును. అట్లు చెప్పిన ఎగవేయరా? కొందరు ఎగవేయుదురు. అప్పిచ్చినవారికందరికిని ఆ భయమున్నది. వడ్డీవ్యాపారికిని ఉన్నది, బ్యాంకికిని ఉన్నది.