శిఖరము సగము దారియే

మహారాష్ట్రమున ఎల్ల శిఖరములలో ఎత్తయినది సహ్యాద్రిలోని కల్సూబాయి, 1,646 మీటర్లు. పైనుండి భండార్‌దరా జలాశయమును చూచి, సాయంకాలమునకు దిగువనున్న బారీ గ్రామము చేరవచ్చును. కాని కాలమును ఇంటివద్దనే లెక్కించుకొనవలెను.

స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రమిది: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనముగా మరియొక గంట. ఇది విశ్రాంతి నెరుగని బలిష్ఠుల లెక్క; మనబోంట్లము దానికి సగము కలుపుకొందము.

నిట్టనిలువు బండలకు ఇచ్చట ఇనుప నిచ్చెనలున్నవి. ఎక్కునప్పటికంటె దిగునప్పుడే, అలసిన కాళ్ళకు, అవి కఠినము, చీకటిలో ప్రమాదకరము. కనుక వెనుదిరుగు వేళను ముందే నిర్ణయించుకొందము. ఆ వేళకు శిఖరము కన్నులయెదుట నున్నను మరలుదము. కొండ మరునాడును అచ్చటనే యుండును.