పరీక్షకూ ప్రమాణం ఉండాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ధాన్యం కొనేముందు తేమ చూస్తారు. ఆ యంత్రమే తప్పు చూపితే? ఔషధ భద్రతా పరీక్షలకూ ఇదే ప్రశ్న.

అమెరికాలో కొన్ని పరీక్షాశాలల తప్పుడు ఫలితాలు బయటపడిన మీదట, 1978లో ‘గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్’ నియమాలు వెలువడ్డాయి. ప్రతి కొలతనూ అప్పటికప్పుడే నమోదు చేయాలి. దిద్దితే కారణం, తేదీ రాయాలి. మన దేశంలో పర్యవేక్షణ సంస్థ 2002లో ఏర్పడింది.

ఆయుర్వేదానికి చిక్కు వేరు. ఒకే మూలిక గుణం నేలనుబట్టి, ఋతువునుబట్టి మారుతుంది. పరీక్షించిన నమూనా, అమ్మే చూర్ణం ఒకటేనని నిరూపించడం కష్టం.

వత్సనాభి, విషముష్టి వంటివాటిని శుద్ధి చేశాకే వాడమంది మన శాస్త్రం. అవి చేరిన సొంత పేరు మందులకు 2010 నుండి భద్రతా పరీక్ష తప్పనిసరి. ‘వైద్యుని పర్యవేక్షణలో వాడాలి’ అన్న హెచ్చరిక సీసాపై కనిపిస్తే, సొంతవైద్యం తగదని గ్రహించండి.