హార్డ్‌డిస్కు మూగబోతే...

పూర్వం ఇంటి జ్ఞాపకాలన్నీ ట్రంకుపెట్టెలో ఉండేవి. పెళ్లి ఆల్బం, పిల్లల జాతకాలు, పొలం కాగితాలు... అన్నీ అందులోనే. ఇప్పుడవి అరచేతంత డబ్బాలోకి చేరిపోయాయి. అదే హార్డ్‌డిస్కు. అది పాడైతే ఏం చెయ్యాలో మాత్రం మనలో చాలామందికి తెలీదు.

మా ఉప్పలగుప్తంలో ఎదురింటావిడకి ఈమధ్య అదే జరిగింది. భర్త గల్ఫ్‌లో ఉంటారు. పాప ఫొటోలు, కాలం చేసిన అత్తగారు మాట్లాడిన వీడియో అన్నీ కంప్యూటర్లోనే. ఓరోజు కరెంటు పోయి వచ్చాక లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. "మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యండి, అదే వస్తుంది" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఆవిడ మాత్రం ప్లగ్గు పీకేసి, మా తమ్ముడికి ఆ పని తెలుసని నా దగ్గరికి వచ్చింది. "ఫొటోలు పోతే పోయాయండీ, అత్తగారి గొంతు మా ఆయనకి వినిపించాలండీ" అంది.

ఆ ప్లగ్గు పీకడమే అసలు మందు!

చప్పుడెందుకు?

హార్డ్‌డిస్కులో అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు, కొన్నిట్లో 7,200 సార్లు తిరుగుతాయి. గ్రామఫోను ముల్లులా వాటి మీద ఒక హెడ్ కదులుతుంది. కానీ పళ్లేన్ని తాకదు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో తేలుతుంది. టిక్కుమంటోందంటే చాలాసార్లు ఆ హెడ్ దెబ్బతిన్నట్టే. ఆన్ చేసినప్పుడల్లా పళ్లెం గీసుకుపోవచ్చు. గీత పడ్డచోట ఉన్నది బ్రహ్మదేవుడు కూడా తేలేడు.

అందుకే ఇంట్లో స్క్రూలు విప్పకూడదు. దుమ్ము లేని గదిలో హెడ్ మార్చి, ముందు మొత్తానికి నకలు తీసి, ఆ నకలు నుంచే ఫైళ్లు వెలికితీస్తారు. ఖర్చు వేలల్లో ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోవాలి. ఎదురింటావిడ డిస్కు హైదరాబాదు వెళ్లొచ్చింది. ఫొటోలు కొన్ని రాలేదు. వీడియో వచ్చింది.

ఆకాశం నుంచి పడినా...

కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా నౌక 2003 ఫిబ్రవరి 1న ముక్కలైపోయింది గదా! టెక్సాస్‌లో ఎండిపోయిన చెరువులో దొరికిన శకలాల్లో 400 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఒకటుంది. కాలిపోయి, మట్టి కొట్టుకుపోయింది. అయినా అందులోని జెనాన్ వాయువు ప్రయోగం వివరాల్లో 99 శాతం దాకా బయటికి తీశారు. పళ్లేలు వంగకపోవడమే అదృష్టం. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి.

ఇవి గుర్తుంచుకోండి

పొరపాటున చెరిపేసినవైతే కథ వేరు. విషయసూచికలో పేరు కొట్టేసినట్టే, పేజీలు ఇంకా ఉంటాయి. కొత్తవి ఎక్కిస్తే మాత్రం పాతవి పోతాయి. కాబట్టి వెంటనే వాడకం ఆపాలి. రికవరీ సాఫ్ట్‌వేర్ వేరే కంప్యూటర్లో పెట్టుకోవాలి. కొత్తరకం ఎస్ఎస్‌డీలు చెరిపినదాన్ని వాటంతటవే ఊడ్చేస్తాయి. వాటి మీద ఆశ తక్కువ.

వరదనీళ్లలో తడిస్తే ఎండలో పెట్టకండి, బియ్యం డబ్బాలో దాచకండి, ఆన్ చెయ్యకండి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా అసలొద్దు. చెమ్మ పడుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానులో తడిసి ముద్దయిన ఆల్బంలకి రెండో ప్రతి లేదు. ఇప్పుడా ఇబ్బంది లేదు. కోతలవగానే విత్తనం వడ్లు వేరే తీసి దాచే ఇళ్లు మనవి. ఇదీ అంతే. మూడు ప్రతులు ఉండాలి. అవి రెండురకాల సాధనాల్లో ఉండాలి. ఒకటి ఇంటి బయట, పుట్టింట్లోనో ఇంటర్నెట్‌లోనో ఉండాలి. ఆర్నెల్లకోసారి తెరిచి చూసుకోవాలి.

ఈ ఆదివారమే పిల్లల్ని కూర్చోబెట్టి కాపీలు తీయించండి. సినిమాలు, పాటలు మళ్లీ దొరుకుతాయి. పెద్దవాళ్ల మాటలు, పసివాళ్ల బుడిబుడి అడుగులు దొరకవు. వాటితోనే మొదలుపెట్టండి.